సుబ్బారావుగారి అస్త్రము

వికారాబాదు చెంత అనంతగిరి కొండలపై నిజాం కాలమున వెలసిన క్షయవైద్యశాలను ఈ ప్రాంతమున నెఱుగనివారుండరు. సూక్ష్మక్రిములతో మానవుడు సల్పిన పోరాటమున కది సాక్షి. ఆ పోరాటమునకు గొప్ప అస్త్రము నందించినవారిలో నొక యాంధ్రుడు గలడని యెందఱికి దెలియును?

శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. పేదఱికముతో బెనగులాడుచు మూడవ పర్యాయమున గాని మెట్రిక్యులేషను గడవలేకపోయిరి. మదరాసు వైద్యకళాశాలలో జదువుచు, గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించిరి. అది ఆంగ్లేయాచార్యునకు గంటగింపయ్యెను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. సోదరు లిరువురు గ్రహణివంటి స్ప్రూ వ్యాధికి బలియగుట ఆయన మనస్సును పరిశోధనవైపు మఱల్చెను.

మామగారి సాయముతో అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో గూలిపని చేయుచు హార్వర్డులో జదివిరి. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో బ్రవేశించి, పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు ఆ కృషి ఫలములే. ఆయన యాజమాన్యమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు మట్టినుండి ఆరియోమైసిన్ అను మందును వెలికిదీసెను. టెట్రాసైక్లిన్ కుటుంబమున కది మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్లకే న్యూయార్కున గన్నుమూసిరి.

ఆ యస్త్రము మొక్కవోవుట ఆయన చూడలేదు. 1953 నాటికే ఈ మందునకు లొంగని రక్తవిరేచనపు క్రిమి గానవచ్చెను. మందు క్రిమికి విద్య గఱపదు. కోట్లకొలది క్రిములలో, తమ సహజమైన మార్పుచేత మందును వెలికి నెట్టగలవి, లేక దాని దెబ్బకు జిక్కనివి కొన్ని యుండును. తక్కినవి నశింపగా అవియే మిగిలి సంతతిని బెంచుకొనును. అంతియకాదు, ఆ శక్తిని వేఱుజాతి క్రిములకును ధారపోయగలవు; జపాను శాస్త్రజ్ఞులు 1950ల చివర దీనిని నిరూపించిరి.

సుబ్బారావుగారి యనంతరము లెడర్లీ శాస్త్రజ్ఞులే మఱియొక సంగతి గనిరి. ఆరియోమైసిన్ తయారైన పిదప మిగిలిన పిప్పిని మేతలో గలిపినచో కోళ్లు త్వరగా నెదుగును. వ్యాపారము దానిని బట్టుకొనెను. రోగములేని ప్రాణికి నిత్యము స్వల్పమాత్రలో మందు పెట్టుట, లొంగని క్రిములకు సేద్యము చేయుటయే. యూరపు దేశములు 2006లో ఇట్టి వాడుకను నిషేధించినవి. కొలిస్టిన్ అను మందును పశుపక్ష్యాదుల మేతకు వాడరాదని మన ప్రభుత్వము 2019లో నాజ్ఞాపించెను.

క్షయ చరిత్రయు నిదే చెప్పుచున్నది. స్ట్రెప్టోమైసిన్ నొంటరిగా నిచ్చినపుడు కొలది నెలలకే పెక్కుమందిలోని క్రిమి దానికి లొంగకుండెనని 1948 నాటి ఆంగ్లేయ పరిశోధన తేల్చెను. అందువలననే నేడు పలు మందులను గలిపి నెలలతరబడి వాడుట. నడుమ మానినవాడు తనకే కాక పొరుగువానికిని జేటు గొనితెచ్చును.

కనుక వికారాబాదు, తాండూరు సీమల గృహస్థులకు మా విన్నపము: వైద్యుని యనుమతిలేక ఈ మందులు కొనకుడు, జలుబునకు వాడకుడు, వైద్యుడు చెప్పిన గడువును దప్పకుడు, కోళ్లకు, పశువులకు ఊరక పెట్టకుడు. ఖద్దరుకై పట్టమును వదలుకొన్న యా త్యాగికి విగ్రహముకన్న, ఆయన యిచ్చిన యస్త్రమును పదునుతో మనుమల కప్పగించుటయే తగిన స్మారకము.