మెదడు తరంగములను కనుగొనిన హాన్స్ బెర్గర్

జర్మనీ దేశమునందలి కోబర్గు నగరమునకు చేరువనున్న నోయ్‌జెస్ గ్రామమున 1873 మే 21వ తేదీన హాన్స్ బెర్గర్ జన్మించెను. తండ్రి వైద్యుడు. మాతామహుడైన ఫ్రీడ్రిక్ రూకెర్టు ప్రసిద్ధకవి. మహాభారతమందలి నలోపాఖ్యానమును జర్మను భాషలోనికి తెచ్చిన పండితుడు.

యౌవనమున బెర్గరు గణితము చదువ నారంభించి, కొలదికాలమునకే విడిచి సైన్యమున చేరెను. ఒకనాడు కవాతు జరుగుచుండగా ఆయన గుఱ్ఱము బెదరి ముందరి కాళ్లెత్తెను. క్రిందపడిన ఆయన మీదికి ఫిరంగిబండి వచ్చి, వెంట్రుకవాసిలో ఆగెను. ఆ సాయంకాలమే కుశలమడుగుచు తండ్రియొద్దనుండి తంతి వచ్చెను. సోదరునకు ఏదో కీడు మూడినదని ఇంటనున్న సోదరి పట్టుపట్టుటచే తండ్రి దాని నంపెనట! తన భయమే దూరమునకు ప్రసరించి ఆమె మనస్సును తాకినదని బెర్గరు నమ్మెను. ఆ నమ్మకమునకు శాస్త్రప్రమాణము నేటికిని లేదు. కాని మనస్సునకును మెదడునకును గల సంబంధమేమి యను ప్రశ్న ఆయనను వైద్యవిద్యవైపు మరల్చెను.

1897లో ఆయన జేనా నగరమందలి మానసిక వైద్యశాలలో చేరెను. 1919లో దానికి అధిపతి యయ్యెను. తొలుత మెదడులోని రక్తప్రసారమును, ఉష్ణమును కొలిచి చూచెను. ఆశించిన ఫలము లభింపలేదు. జంతువుల మెదడులందు విద్యుత్తు కలదని ఆంగ్లేయ వైద్యుడు రిచర్డు కేటన్ 1875లోనే తెలిపియుండెను. మనుష్యునియందును అట్టిది యుండునా? పగలెల్ల రోగులను చూచి, పని ముగిసిన పిదప బెర్గరు ఒంటరిగా ఈ పరిశోధన సాగించెను. తుదకు 1924 జూలై 6వ తేదీన మనుష్యుని మెదడునందలి విద్యుత్తరంగములను తొలిసారి గుర్తింపగలిగెను.

అయినను ఆయన వెంటనే చాటుకొనలేదు. ఆ కదలిక గుండెకొట్టుకొనుటవలన కలిగినదేమో, చర్మమునుండి వచ్చినదేమో యని సంశయించెను. తన కుమారుని తలపైనను పరీక్షలు జరిపి, సందేహముల నొక్కొక్కటిగా తీర్చుకొని, ఐదేండ్ల పిదప 1929లో ఫలితములను ప్రకటించెను. కన్నులు మూసికొని విశ్రమించినపుడు సెకనుకు సుమారు పది తరంగములు కనబడును. కన్నులు తెరచినను, లెక్కకట్టుచు మనస్సు లగ్నముచేసినను అవి అణగిపోవును. వీనికి ఆయన ఆల్ఫా తరంగములని పేరిడెను. తోడివారు పెక్కుమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను శాస్త్రజ్ఞులు తామును పరీక్షించి నిజమని తేల్చిన పిదప లోకము ఆయనను గుర్తించెను.

అంతటి జాగరూకత చూపిన ఈ శాస్త్రవేత్త జీవితమున మచ్చయు కలదు. మానసిక రోగులు మున్నగువారికి సంతానము కలుగకుండ బలవంతముగా చికిత్స చేయించిన నాజీల న్యాయస్థానమున ఆయన సభ్యుడుగా నుండెను. రోగుల నాదుకొనవలసిన వైద్యుడు అందు పాల్గొనుట గర్హ్యము. 1938లో ఉద్యోగము విరమించిన పిదప తీవ్రమైన మనోవ్యాకులతకు లోనై, 1941 జూన్ 1వ తేదీన ఆత్మహత్యకు పాల్పడి మరణించెను. మనోవ్యాధియు దేహవ్యాధివలె వ్యాధియే. దానిని దాచుకొనక పెద్దలకు, వైద్యులకు తెలుపుకొనవలెను.

బెర్గరు చూపిన తరంగములు నేడు మూర్ఛరోగమును గుర్తించుటకు తోడ్పడుచున్నవి. 1960 ప్రాంతమున జో కామియా అను అమెరికను శాస్త్రజ్ఞుడు, తమ ఆల్ఫా తరంగములు ఎప్పుడు పుట్టుచున్నవో మనుష్యులకు అప్పటికప్పుడు తెలిపినచో, వారు వానిని గుర్తించుటకును పెంచుకొనుటకును నేర్వగలరని చూపెను. న్యూరోఫీడ్‌బాక్ అను శిక్షణకు ఇదియే మొదలు. మనశ్శాంతికిని, బాలుర చంచలత్వమును మాన్పుటకును దీనిని వాడుచున్నారు. కాని నిజమైన శిక్షణను, పేరునకు మాత్రము జరిపిన ఉత్తుత్తి శిక్షణతో పోల్చి చూచిన కొన్ని పరీక్షలలో రెంటికిని చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. మేలు కలిగిన మాట నిజమైనను, ఆ మేలు దేనివలన కలిగినదో విచారింపవలెను గదా!

తంతివార్తను చూచి తొందరపడి నమ్మిన యువకుడే, తన కంటికి కనబడిన తరంగమును ఐదేండ్లు శంకించి పరీక్షించెను. బాలలారా! ఆయననుండి మనము గ్రహింపవలసినది ఆ రెండవ గుణమే.