వినుకొండ విడిచిన జాషువా

ఊరు విడిచి వెళ్లడం అందరికీ ఒకలా ఉండదు. పొలమూ పరపతీ ఉన్నవాడు వెళ్లినా ఊళ్లో అతని చోటు అతనికి ఉంటుంది. ఎప్పుడొచ్చినా రచ్చబండ మీద కూర్చోబెడతారు. వాడలో పుట్టినవాడు మూట కట్టుకుంటే కన్నవాళ్లే కన్నీళ్లు పెట్టుకుంటారు, ఊరికి ఏమీ పట్టదు. జాషువా పేరు తలవగానే మనకు గండపెండేరం, పద్మభూషణ్ గుర్తొస్తాయి. ఇరవై ఏళ్ల వయసులో ఆయన వినుకొండ ఎందుకు విడవాల్సి వచ్చిందో మాత్రం మనం అంతగా మాట్లాడుకోం. ఈసారి అక్కడి నుంచే మొదలుపెడదాం.

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్తుడు, తల్లి లింగమాంబ మాదిగ. క్రైస్తవ కుటుంబం. అమ్మానాన్నల కులాలు వేరు కావడం, అందులోనూ అమ్మది అంటరాని కులం కావడంతో పసితనం నుంచే అవమానాలు వెంటాడాయి. క్రైస్తవంలోకి వచ్చినంత మాత్రాన కులం పోలేదు.

అయినా ఆ ఊరు ఆయనకు ఇష్టమైన ఊరే. సీతను ఎత్తుకుపోయిన వార్తను రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ కొండ నీడలోనే ఆయనకు పద్యం పట్టుబడింది. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సావాసంలో కవిత్వం మీద మోజు పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. కులాన్ని పక్కనపెట్టి స్నేహం చేసినవాళ్లు, చదువు చెప్పినవాళ్లు కూడా ఆ ఊళ్లో ఉన్నారు. ఆ మాట దాచాల్సిన పని లేదు.

కానీ అదే వినుకొండలో ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారంటూ కొందరు గొడవకు దిగారు. పద్యం తప్పని ఎవరూ అనలేదు. చదివినవాడే వాళ్లకు తప్పుగా కనిపించాడు. సీతమ్మ వార్త విన్నదని పేరు పొందిన ఊరు, తన బిడ్డ గొంతు వినడానికి ఒప్పుకోలేదు.

1910లో ఆయనకు మేరీతో పెళ్లయింది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులు పని. ఆ పని కూడా పోయింది. భార్య ఉంది, బతుకుతెరువు లేదు. వినుకొండ విడిచి రాజమండ్రి చేరారు. ఈ వలసను కొత్త జీవితం కోసం చేసిన ప్రయాణమని ముద్దుగా చెప్పుకోవడం మనకు సరికాదు. ఆకలి ముందుకు తోసింది. ఊళ్లో మిగిలిన అవమానం వెనక్కి చూడనివ్వలేదు.

1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో ఆయనకు దొరికిన పని సినిమా వాచకత్వం. అప్పటికి సినిమాలకు మాట రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, పక్కనుంచి కథా సంభాషణలూ చదివి వినిపించాలి. ఆ పనిని తలచుకుంటే మనకు ఒక ఆలోచన వస్తుంది. వినుకొండ సభలో పట్టపగలు కాదన్న గొంతుని, ఇక్కడ చీకట్లో జనం టికెట్ కొనుక్కుని విన్నారు. చీకట్లో గొంతుకి కులం కనపడదు.

తర్వాత గుంటూరు చేరారు. లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. కొత్త ఊళ్లో జీతం దొరికింది కానీ కులం ఆయన వెంటే వచ్చింది. అగ్రకులాల వాళ్లు కులం పేరుతో దూరం పెడితే, హిందూ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ మతపెద్దలు వెలివేశారు. రెండు వైపులా తలుపులు మూసుకుపోయిన మనిషి తన కావ్యంలోనే ఇల్లు కట్టుకున్నారు.

1932లో వచ్చిన ఫిరదౌసిలో కవికి ఇచ్చిన మాట సుల్తాను తప్పుతాడు. ప్రాణభయంతో కవి కుటుంబాన్ని తీసుకుని పారిపోతాడు. పరాయి దేశపు కథే అయినా, ఉన్నచోట బతకనివ్వకపోతే మనిషికి ఎలా ఉంటుందో రాసినవాడికి తెలుసు. 1941లో గబ్బిలం వచ్చింది. చిన్నప్పుడు చదువుకున్న మేఘసందేశం ఇక్కడ తలకిందులైంది. కాళిదాసు యక్షుడు శాపం వల్ల తన ఊరికి దూరమయ్యాడు. జాషువా కథానాయకుడు ఏ శాపమూ లేకుండా సొంత నేల మీదే వెలి. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే శివుడికి తన గోడు దాని చేత పంపుతాడు. దూరదేశం పోనక్కర్లేదు, పుట్టినచోటే మనిషి ప్రవాసి కావచ్చు. ఈ మాట మేఘసందేశంలో లేదు, ఉండే అవకాశమూ లేదు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1957-59 మధ్య ఆయన మద్రాసు రేడియోలో పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, అదే ఏడు క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం. 1970లో పద్మభూషణ్. మరుసటి ఏడు, 1971 జులై 24న కన్నుమూశారు. ఫిరదౌసి కథలో బంగారు నాణేలు ఇంటికి చేరేసరికి కవి లేడు. జాషువా విషయంలో ఏడాది తేడా, అంతే.

ఆయన కూతురు హేమలతా లవణం జోగినీ దురాచారానికి వ్యతిరేకంగా, నేరస్తులని ముద్రపడిన స్టువర్టుపురం కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఊరు కాదన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం ఆ ఇంట్లో అలా కొనసాగింది.

ఇప్పుడు వాడల నుంచి హాస్టళ్లకూ విశ్వవిద్యాలయాలకూ బయలుదేరే మన పిల్లలకు, జాషువాను కష్టపడి పైకొచ్చిన మనిషిగా మాత్రమే చూపిస్తే సగం కథే చెప్పినట్టు. మూడు రూపాయల పని పోతే ఒక మహాకవి వెళ్లిపోవాల్సి వచ్చిన ఊరిని కూడా చూపించాలి. ఊరి మీద ప్రేమ ఉండటం తప్పు కాదు, ఆయనకూ ఉంది. కానీ ఆ ఊరు మారాలని అడిగే హక్కు, విడిచి వెళ్లినవాళ్లకు కూడా ఉంటుంది. విగ్రహానికి దండ వేసే రోజున వినుకొండనూ, అలాంటి మన ఊళ్లన్నిటినీ ఆ మాట అడుగుదాం.