విద్యా ఋణం తీర్చుకొన్న మహనీయుడు – డాక్టర్ జాకీర్ హుస్సేన్

మనిషి కొన్ని ఋణాలతోనే పుడతాడని మన పెద్దలు చెబుతారు. వాటిలో ఋషి ఋణం ఒకటి. అనగా చదువు చెప్పినవారికి మనం పడిన అప్పు. విద్య నేర్పడం, నేర్పేవారికి తోడ్పడటం మనిషి మరణానంతరం కూడా ఫలమిచ్చే సదఖా జారియా అని ఇస్లాం ధర్మం బోధిస్తుంది. ప్రొద్దుటూరు వీధుల నుండి, జమ్మలమడుగు నుండి, పులివెందుల నుండి పుస్తకాలు చేతబట్టుకొని కళాశాలకు వచ్చే మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. చివరి పరీక్ష వ్రాసి, టి.సి. చేతికి తీసికొన్న నాటితో మనకూ కళాశాలకూ గల బంధం తీరిపోతుందా? ఈ ప్రశ్నకు మాటలతో కాక తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడు భారత రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్.

ఆయన 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదు నగరంలో జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తర హిందూస్థానంలోని ఖాయింగంజ్ నుండి వచ్చి హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడినవారు. ఏడుగురు కుమారులలో జాకీర్ హుస్సేన్ మూడవవారు. పదేండ్ల ప్రాయంలో తండ్రిని కోల్పోయారు. కుటుంబం ఖాయింగంజ్‌కు తిరిగి వెళ్లగా, 1911లో తల్లి కూడా ప్లేగు వ్యాధికి బలి అయినారు. అప్పటికే ఆయన ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు వసతి గృహంలో చదువుకొంటున్నారు. తలిదండ్రులు లేని బాలునికి వసతి గృహమే ఇల్లు, సహవాసులే సోదరులు అయినారు. ఆయన హృదయంలో విద్యాలయానికి ఇంత చోటు ఎందుకు దొరికిందో గ్రహించాలంటే ఈ సంగతి మరువరాదు.

1913లో ఆయన అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలకు వచ్చారు. సర్ సయ్యద్ అహమద్ ఖాన్ స్థాపించిన ఆ కళాశాల పాఠాలు చెప్పే స్థలం మాత్రమే కాదు. వసతి గృహాలు, చర్చా వేదికలు, క్రీడలు కలిసి అక్కడ ఒక సోదర బృందాన్ని రూపొందించాయి. అక్కడ చదివినవారు ఎక్కడ కలిసినా ఒకే ఇంటి బిడ్డలవలె మెలగేవారు. ఆ సోదర భావం మాటలతో ఆగిపోలేదు. 1890లో సాహెబ్‌జాదా అఫ్తాబ్ అహమద్ ఖాన్ అక్కడ అంజుమనుల్ ఫర్జ్ అనే సంఘాన్ని స్థాపించారు. ఫర్జ్ అనగా విధి. అందలి విద్యార్థులు సెలవులలో ఊరూరా తిరిగి చందాలు కూర్చి, పేద సహాధ్యాయుల చదువుకు వినియోగించేవారు. తోటివాని చదువుకై చేయి చాచడం నామోషీ కాదు, విధి అని అలీగఢ్ నేర్పిన పాఠం ఇది.

లక్నోలో వైద్య విద్యను ఆశించి సైన్సు చదవబోయి, అనారోగ్యం వలన విరమించి, జాకీర్ హుస్సేన్ మరల అలీగఢ్ చేరారు. 1918లో పట్టభద్రులైనారు. వక్తృత్వంలో బహుమతులు పొందారు, విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికైనారు. స్నేహితులు ఆయనను ముర్షిద్ అని, అనగా గురువుగారని, ప్రేమతో పిలిచేవారు.

ఇంతగా ప్రేమించిన కళాశాలను ఆయన 1920లో విడిచిపెట్టారు. ఆ అక్టోబరు మాసంలో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను త్యజించమని కోరారు. జాకీర్ హుస్సేన్ అప్పటికి ఉన్నత విద్య అభ్యసిస్తూనే పాఠాలు కూడా చెబుతున్నారు. ముందు మంచి ఉద్యోగాలు ఎదురు చూస్తున్నాయి. అయినా కొద్దిమంది సహాధ్యాయులతో కలిసి బయటికి నడిచారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. హకీం అజ్మల్ ఖాన్ దానికి ప్రథమ ఛాన్సలర్, మౌలానా మహమ్మద్ అలీ ప్రథమ వైస్ ఛాన్సలర్. తల్లి కళాశాలపై ప్రేమ లేక ఆయన వెళ్లలేదు. స్వతంత్రులను తయారు చేయవలసిన చోటు పరాయి ప్రభుత్వపు చేతి క్రింద ఉండరాదని భావించి వెళ్లారు.

1922లో ఉన్నత విద్యకై ఆయన జర్మనీ చేరారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. అక్కడి ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు. ఈలోగా స్వదేశంలో ఖిలాఫత్ ఉద్యమం చల్లారి, జామియాకు నిధులు కరువైనాయి. 1925లో అది ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు తరలింది. దానిని మూసివేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు జాకీర్ హుస్సేన్, ఆయన మిత్రులు ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ తాము తిరిగి వచ్చి జీవితాలను ధారపోస్తామని ఐరోపా నుండి మాట పంపారు. 1926లో ముగ్గురూ వచ్చి మాట నిలబెట్టుకొన్నారు. ఇరువది తొమ్మిదేండ్ల వయస్సులో జాకీర్ హుస్సేన్ జామియా వైస్ ఛాన్సలర్ అయినారు.

1927 చివర హకీం అజ్మల్ ఖాన్ మరణించడంతో ఉన్న ఆధారం కూడా పోయింది. అప్పుడే, 1928లో, అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు. ఇరువది సంవత్సరాలు జామియాను విడువరాదు, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసికోరాదు అన్నది దాని సారాంశం. ఆ జీతమైనా క్రమంగా చేతికి వచ్చేది కాదు. షఫీఖుర్ రహమాన్ కిద్వాయ్ వంటివారు హందర్దానె జామియా అనే పేరుతో దేశమంతటా శ్రేయోభిలాషులను కూర్చి, సామాన్యుల నుండి చిన్న చిన్న చందాలు సేకరించారు. ధనవంతుని పెద్ద దానం కంటె అనేకుల చిన్న చందాలపై నిలిచిన ఇల్లు అది.

ఆ ఇంటిని ఆయన ఎట్లు నడిపారో తెలిపే సంగతులు రెండు చెప్పుకొంటారు. బూట్లు శుభ్రంగా ఉంచుకొమ్మని ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు వినకపోగా, ఒకనాడు ఆయన స్వయంగా బ్రష్షు, పాలిష్ తీసికొని ద్వారం వద్ద కూర్చున్నారు. విద్యార్థులు సిగ్గుపడి మరల ఆ మాట చెప్పించుకోలేదు. రెండవది హృదయ విదారకమైనది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఫలితాల దినాన మిఠాయిలు పంచుతుండగా, ఆయన చిన్నారి కుమార్తె రెహానా మరణించిందని నౌకరు వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది, కాని చేయి ఆగలేదు. పిల్లల సంతోషాన్ని భంగపరచడానికి మనసొప్పలేదని తరువాత తెలిసింది.

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వేసినది ఏ నవాబో, ఏ నాయకుడో కాదు. అందరిలోకి చిన్న విద్యార్థి అబ్దుల్ అజీజ్. విద్యాలయం ఎవరిదో ఇంతకన్న స్పష్టంగా చెప్పడం సాధ్యమా! 1946 నవంబరులో జరిగిన రజతోత్సవంలో నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఒకే వేదికపై కూర్చున్నారు. వెలుపల మతకలహాలు చెలరేగుతున్న రోజులవి. మరుసటి సంవత్సరమే జామియా పుస్తక భాండాగారం దహనమైంది. రైలు ప్రయాణంలో జలంధరు వద్ద ఆయన ప్రాణమే అపాయంలో పడగా, ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడారు.

దేశ విభజన అలీగఢ్‌ను కూడా కుదిపివేసింది. అనేకమంది అధ్యాపకులు, విద్యార్థులు పాకిస్తాన్ వెళ్లిపోయారు. మిగిలినవారిని లోకం అనుమానంతో చూసింది. ఆ విషమ ఘడియలో, 1948లో, వైస్ ఛాన్సలర్ పదవి జాకీర్ హుస్సేన్‌ను వెదుక్కొంటూ వచ్చింది. ఇరువది ఎనిమిది సంవత్సరాల క్రితం తాను విడిచి వెళ్లిన గడప అది. వెళ్లిననాడు కోపించినవారు అక్కడ లేకపోలేదు. అయినా ఆయన పాత మాటలు తలచక తల్లి కళాశాల పిలిచిందని వెళ్లారు. 1956 వరకు అక్కడనే ఉండి, దిగులుపడిన విద్యార్థులకు ధైర్యం నూరిపోశారు. గులాబీలను ప్రాణంగా ప్రేమించే ఆయన విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని పూలతోటగా మార్చారు.

అటుపై 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఈ పదవులన్నీ చరిత్ర పుస్తకాలలో మనం చదివినవే. 1969 మే 3న ఆయన రాష్ట్రపతి పదవిలో ఉండగానే కన్నుమూశారు. రాజధానిలో ఎక్కడైనా స్థలం లభించేది. కాని ఆయన దేహాన్ని ఓఖ్లాకు, తాను ఇరువది రెండు సంవత్సరాలు నడిపిన జామియా ప్రాంగణానికి తీసికొని వెళ్లి ఖననం చేశారు. నేటికీ విద్యార్థులు ఆ సమాధి ప్రక్కగానే తరగతులకు నడుస్తారు.

సోదర విద్యార్థులారా! మనమందరం జాకీర్ హుస్సేన్‌లం కాలేము. ఇరువది సంవత్సరాల ప్రతిజ్ఞ మనలో ఎందరికి సాధ్యం? కాని అంజుమనుల్ ఫర్జ్ బాలురు చేసిన పని మనకూ సాధ్యమే. రేపు మనలో కొందరు హైదరాబాదులో, కొందరు బెంగుళూరులో, మరికొందరు గల్ఫ్ దేశాలలో జీవనం సాగిస్తారు. ఆనాడు పెన్న ఒడ్డున మనకు అక్షరాలు దిద్దిన ఈ ఇంటిని తలచి, పరీక్ష రుసుము కట్టలేని ఒక్క పేద విద్యార్థి రుసుము కట్టగలిగితే చాలు. గ్రంథాలయానికి ఒక్క పుస్తకం పంపగలిగితే చాలు. కళాశాలతో అభిప్రాయ భేదాలు రావచ్చు. ఆయనకూ వచ్చాయి. అలిగి వెళ్లినవాడు కూడా అవసరానికి తిరిగి రావడమే నిజమైన విధేయత. టి.సి.తో తీరేది చదువు మాత్రమే, ఋణం కాదు.