పర్వతమార్గమున ఫాహియాన్

చీనాదేశపు భిక్షువు ఫాహియాన్ క్రీ. శ. 399లో చాంగన్ నగరమును వీడునాటికి అరువది యేండ్లు దాటినవాడు. కాశీయాత్రకైనను బంధువులు వలదని వారించు వయస్సది! ఆతని దేశమున భిక్షువుల నియమగ్రంథమైన వినయపిటకము కొఱతలతో నుండెను. సమగ్రమైన ప్రతిని బుద్ధుడు సంచరించిన దేశమునుండి తేవలెనని ఆతని సంకల్పము. కొందఱు భిక్షువులు తోడు వచ్చిరి.

ఎడారిని గడచి, ఖోటాన్ మీదుగా పామీరు పర్వతములను చేరిరి. అచట వేసవిలోను మంచు కరగదు. వానిని దాటుటకే నెల పట్టెను. పిమ్మట సింధునది ప్రక్కనే పదునైదు దినముల నడక. ఒకవైపు నిలువుకొండ, క్రింద నది. ఱాతిలో తొలిచిన ఏడువందల మెట్లు దిగి, త్రాళ్లవంతెనపై ఆవలియొడ్డు చేరిరి.

ఆవల ఉద్యానదేశము. నేటి స్వాత్ లోయ యదియే. అటనుండి గాంధార తక్షశిలల వఱకు నాలుగు మహాస్తూపములుండెను. బోధిసత్త్వుడు పూర్వజన్మములలో పావురమును కాచుటకు తన మాంసమును కోసియిచ్చినచోట నొకటి, కన్నులనిచ్చినచోట నొకటి, శిరస్సునిచ్చినచోట నొకటి, ఆకలిగొన్న ఆడుపులికి దేహమునే యర్పించినచోట నొకటి. మొదటి కథ శిబిచక్రవర్తి కథగా మన పిల్లలకును తెలిసినదే. రాజులును సామాన్యులును పూలు చల్లి దీపములు పెట్టుటకు ఎడతెగక వచ్చుచుండిరని ఫాహియాన్ వ్రాసెను. పురుషపురమున, అనగా నేటి పెషావరున, కనిష్కుని స్తూపము నాలుగువందల మూరలకు మించిన యెత్తు గలదనెను.

అందఱును ఆతనితో నిలువలేదు. కొందఱు పెషావరునుండి స్వదేశమునకు మఱలిరి. ఒకడు అచటనే మరణించెను. మిగిలిన యిద్దఱితో ఆతడు చలికాలమున చిన్న హిమపర్వతముల నెక్కెను. ఉత్తరపు వాలున చలిగాలి లేచెను. మువ్వురును వణకి మాటలాడలేకపోయిరి. ఒకని నోట తెల్లని నురుగు వచ్చెను. తనకొఱకు ఆగవలదనియు, ఆగినచో అందఱును చత్తురనియు చెప్పి ఆతడు ప్రాణము విడిచెను. ఫాహియాన్ ఆ శరీరమును నిమురుచు, తలపెట్టిన పని తీరకమున్నే యిట్లయ్యెనని విలపించెను. పిమ్మట లేచి నడచెను.

ఇన్ని స్తూపములను సేవించినను, వెదకిన గ్రంథము మాత్రము ఆ కొండలలో దొరకలేదు. ఉత్తరదేశపు గురువులు వినయమును నోటితో బోధించుటయే గాని, చూచి వ్రాసికొనుటకు ప్రతి లేకుండెను. తుదకు పాటలీపుత్రమున మహాసాంఘికుల వినయము లభించెను. అచట మూడేండ్లుండి, సంస్కృతము నేర్చి, తన చేతితోనే ప్రతి వ్రాసికొనెను. ఆ వయస్సున క్రొత్తలిపి దిద్దుట సామాన్యము కాదు. మిగిలిన యొక్క సహచరుడును అచటనే నిలిచిపోయెను.

దక్షిణదేశమున కొండను తొలిచిన అయిదంతస్తుల విహారము గలదని విని వ్రాసెనేగాని, దారి కష్టమగుటచే ఇటు రాలేదు. వచ్చియుండిన నెంత బాగుండెడిది!

సింహళమున రెండేండ్లుండెను. అచట ఒక వర్తకుడు బుద్ధవిగ్రహమునకు సమర్పించిన చీనా తెల్లపట్టు విసనకఱ్ఱను చూచి కన్నీరు పెట్టెను. తిరుగు ప్రయాణమున తుపాను చెలరేగి, వర్తకులు సరకులను సముద్రమున పారవేయసాగిరి. గ్రంథములనుగూడ విసరివేయుదురేమో యని భయపడి, ఆతడు తన నీళ్లపాత్రను, కడుగుకొను గిన్నెను తానే ముందుగా విసరివేసెను. గ్రంథములు దక్కినవి. 412లో చీనాతీరమున దిగి, నాన్కింగు నగరమున బుద్ధభద్రుడను భారతీయ భిక్షువుతో కలిసి ఆ వినయమును చీనాభాషలోనికి అనువదించెను. తన యాత్రను గూడ వ్రాసిపెట్టి, ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట కన్నుమూసెను.