జామియా మట్టిలో ఒక సేనాని: బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్

ఢిల్లీ నగరంలో ఓఖ్లా ప్రాంతాన జామియా మిల్లియా ఇస్లామియా విశ్వవిద్యాలయానికి చెందిన ఖబరస్థానం ఒకటి ఉన్నది. కలం పట్టినవారు, పాఠాలు చెప్పినవారు ఎందరో అక్కడ శాశ్వత నిద్రలో ఉన్నారు. ఉర్దూ నవలకు వన్నె తెచ్చిన ఖుర్రతుల్ ఐన్ హైదర్‌ను 2007లో అక్కడనే ఖననం చేశారు. ఆ విద్వాంసుల నడుమ ఒక సైనికాధికారి సమాధి కనబడుతుంది. ఆయన జామియాలో చదివినవారు కారు, అక్కడ బోధించినవారూ కారు. జమ్మూ ప్రాంతపు కొండలలో ఫిరంగి గుండుకు నేలకొరిగిన పిదప, సకల సైనిక లాంఛనాలతో 1948 జూలై మాసంలో ఆ విద్యాసంస్థ చెంతకు చేరినవారు. ఆయనే బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. నౌషేరా సింహమని జాతి ఆయనను కీర్తించింది.

ఒక సేనానిని కళాశాల నేలలో పాతిపెట్టుట వింతగా తోచవచ్చును. ఆయన జీవితమును, ఆ నాటి దేశ పరిస్థితిని తెలిసికొన్న పిమ్మట ఇంతకంటె తగిన చోటు మరొకటి లేదని మేము భావిస్తున్నాము.

ఉస్మాన్ 1912 జూలై 15న సంయుక్త పరగణాలలోని ఆజంగఢ్ జిల్లా బీబీపూర్ గ్రామంలో జన్మించారు. నేడు ఆ గ్రామం మవూ జిల్లాలో ఉన్నది. తండ్రి మహమ్మద్ ఫారూఖ్ పోలీసు శాఖలో ఉద్యోగి, కాశీ నగరపు కొత్వాలుగా పేరు గడించినవారు. కనుక బాలుని చదువు కాశీలోనే సాగింది. పండ్రెండేండ్ల వయసులో బావిలో పడిన ఒక పిల్లవానిని కాపాడుటకు తాను కూడ బావిలోకి దూకినాడని ఆయన జీవిత కథనాలు చెబుతున్నాయి. చిన్ననాట ఆయనకు మాట తడబడేది. పోలీసు ఉద్యోగానికి అది అడ్డంకి కాగలదని తండ్రి దిగులుపడ్డారట. మాట తడబడిన ఆ బాలుడే తరువాతి కాలంలో వేలాది సైనికులను నడిపించే ఆజ్ఞలిచ్చినాడు.

భారతీయులు సైన్యంలో అధికారులగుట ఆనాడు మిక్కిలి అరుదు. ఉస్మాన్ ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు ఎంపికై 1934 ఫిబ్రవరి 1న కమిషన్ పొందారు. డెహ్రాడూన్‌లో 1932లో మన సైనిక అకాడమీ వెలసినందున శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందిన భారతీయుల తుది జట్టులో ఆయన ఒకరైనారు. పిమ్మట పదవ బెలూచ్ రెజిమెంటులో చేరి, 1935లో వాయవ్య సరిహద్దున మొహ్మంద్ పోరాటంలోను, రెండవ ప్రపంచ యుద్ధ కాలమున బర్మాలోను పనిచేశారు. యుద్ధ నివేదికలలో ఆయన సేవ ప్రశంసలందుకొన్నది. ఈ ఘట్టముల వివరములు ఇక్కడ అనవసరం. ఆయన నిజమైన పరీక్ష 1947లో ఎదురైనది.

దేశం విడిపోయినప్పుడు సైన్యము కూడ రెండు ముక్కలైనది. బెలూచ్ రెజిమెంటు పాకిస్తాన్ వాటాకు పోయింది. ఏ పటాలంలో పన్నెండేండ్లకు పైగా జీవించారో, ఏ సైనికుల పేర్లు, ఊర్లు, కష్టసుఖాలు తెలిసికొన్నారో వారందరు అటు వెళ్ళిపోతున్నారు. ముస్లిం అధికారులలో అధిక సంఖ్యాకులు కూడ అటే మొగ్గినారు. ఉస్మాన్‌ను రప్పించుటకు జిన్నా, లియాఖత్ అలీఖాన్ వంటివారు స్వయముగా ప్రయత్నించారని, ముందుముందు సైన్యాధిపతి పదవి దక్కగలదని ఆశ చూపించారని చెబుతారు. ఆయన కదలలేదు. భారత సైన్యం ఆయనను డోగ్రా రెజిమెంటుకు మార్చింది. ఈ నిర్ణయమునకు ఆయన పెద్ద ఉపన్యాసములేవీ ఇవ్వలేదు. తాను పుట్టిన నేల ఇది అన్నంత సహజముగా ఉండిపోయినారు. ఆ నిశ్శబ్దమే మాకు ఎక్కువ నచ్చుతుంది.

1947 డిసెంబరు నాటికి కాశ్మీర యుద్ధం తీవ్రమైంది. ఉస్మాన్ 50వ పారాచూట్ బ్రిగేడ్‌కు అధిపతిగా నౌషేరా చేరుకొన్నారు. డిసెంబరు 24న ఝంగర్ అను కీలకమైన కూడలి శత్రువుల చేత చిక్కింది. దానిని తిరిగి గెలుచుకొను వరకు మంచం మీద పడుకోనని ఆయన ప్రతిన పూనారు. కొండ ప్రాంతపు చలికాలంలో నేలపై చాప పరచుకొని నిదురించారు. 1948 ఫిబ్రవరి 6న నౌషేరాపై వేలాదిమంది దాడి చేయగా బ్రిగేడ్ దానిని తిప్పికొట్టింది. మన పక్షాన 33 మంది మరణించారు, 102 మంది గాయపడ్డారు. శత్రువుల నష్టం దానికి ఎన్నో రెట్లు. తైన్‌ధార్ కొండపై రాజ్‌పుత్ రెజిమెంటు నాయక్ జదునాథ్ సింగ్ ఒంటరిగా పోరాడి అసువులు బాసి పరమవీర చక్రము పొందినది ఆ నాడే. గెలుపు ఘనత తనకు ఆపాదించినప్పుడు ఉస్మాన్ అంగీకరింపక, అది తన సైనికులకే చెందవలెనని పైవారికి వ్రాశారు. ఆయన తలకు పాకిస్తాన్ పక్షం 50,000 రూపాయల వెల కట్టినదని ప్రతీతి.

మార్చి 18న ఝంగర్ మరల మన వశమైంది. అప్పుడు గ్రామంలో వెదకి ఒక మంచము తెచ్చి బ్రిగేడియరుగారిని పడుకోబెట్టారట. యుద్ధచరిత్రలలో ఇటువంటి చిన్న సంగతులకు చోటు తక్కువ. మనుష్యుని పోల్చుకొనుటకు మాత్రం ఇవే పనికివస్తాయి.

మరొక సంగతి కూడ చెప్పవలసి ఉన్నది. నౌషేరాలో యుద్ధం వలన దిక్కులేనివారైన పిల్లలను ఆయన చేరదీసి, బాలసేన అని పేరు పెట్టి, చదువు, క్రమశిక్షణ నేర్పించారు. దాడి సమయమున వార్తలు చేరవేసిన ఆ బాలురలో కొందరిని తరువాత ప్రధాని సత్కరించారు. ఉస్మాన్ వివాహం చేసికొనలేదు. మద్యమాంసములు ముట్టలేదు. జీతంలో అధికభాగం బీద పిల్లల పోషణకు, చదువులకు వెచ్చించారు. సంతానం లేని ఆ మనిషి ఊరివారి బిడ్డలను తన బిడ్డలు చేసికొన్నారు.

1948 జూలై 3 సాయంకాలం ఝంగర్‌లోని ఆయన స్థావరంపై ఫిరంగి గుండ్ల వర్షం కురిసింది. ఒక గుండు ఆయన సమీపమున పడి ప్రేలినది. ముప్పదియారవ జన్మదినమునకు పండ్రెండు దినముల ముందు, రంజాను మాసం ఆరంభం కావలసిన వారంలోపల, ఆయన షహీదైనారు. ఆ యుద్ధంలో ప్రాణాలర్పించిన భారత సైన్యాధికారులలో ఆయనే అందరికంటె పెద్ద హోదా కలవారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్రము ప్రకటించారు.

ఆయన భౌతికకాయమును జమ్మూ మీదుగా ఢిల్లీకి తరలించారు. ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ, మంత్రివర్గ సహచరులు తరలివచ్చారు. ఖననం జామియాలో జరిగినది.

సైనికుని అంతిమయాత్రకు ఒక క్రమం ఉన్నది. శవపేటికపై జాతీయ పతాకమును కప్పుతారు. ఉన్నతాధికారి అయినచో ఫిరంగి శకటంపై ఉంచి తీసికొనిపోవుట ఆచారం. సైనికులు తుపాకులను తలక్రిందులుగా పట్టి మెల్లని అడుగులతో నడుస్తారు. సమాధి వద్ద మూడు మార్లు తుపాకులు గాలిలోకి పేల్చుతారు, బ్యూగిల్‌పై లాస్ట్‌పోస్ట్ వినిపిస్తారు. ఇవన్నియు చప్పుడుతోను, వరుసతోను కూడుకొన్న పనులు. మన జనాజా పద్ధతి ఇందుకు భిన్నమైనది. అందులో ఆడంబరం లేదు. నిలుచుండియే నాలుగు తక్బీర్లతో నమాజు ముగుస్తుంది, రుకూ లేదు, సజ్దా లేదు. ఖబరులో దేహమును ఖిబ్లా వైపు తిప్పి పరుండబెట్టి, వచ్చినవారు మూడేసి పిడికిళ్ళ మన్ను వేస్తారు. రణరంగంలో షహీదైనవానికి గుసుల్ అవసరం లేదని, ధరించిన దుస్తులతోనే ఖననం చేయవచ్చునని మన ఫికా గ్రంథాలు చెబుతాయి. మరణించిన వేళ అతని ఒంటిపై ఉన్న రక్తమే అతనికి గౌరవమని దాని భావం.

ఈ రెండు క్రమములు ఒకే దేహంపై ఎట్లు కలుస్తాయన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. నిజానికి వాటి మధ్య తగవు లేదు. పతాక నియమావళి ప్రకారం జాతీయ జెండాను సమాధిలోకి దింపరాదు, దేహంతో పాతిపెట్టరాదు. సమాధి అంచున దానిని తీసి, మడచి, ఆప్తులకు అందజేస్తారు. అనగా రాజ్యం తన గౌరవమును ఖబరు అంచు దాకా తెచ్చి అక్కడ ఆగిపోతుంది, ఆపైన కఫన్ మాత్రమే మట్టిలోకి దిగుతుంది. సైన్యం ఇందుకు కావలసిన ఏర్పాట్లు ముందే చేసికొన్నది. పటాలములలో సైనికుల మతమును బట్టి పండితులు, గ్రంథీలు, మౌల్వీలు, పాద్రీలు నియమితులై ఉంటారు. ఎవరి క్రియలు వారి ధర్మానుసారం జరుపుట వారి విధి. మృతుని మతము దాచవలసినది కాదు, దాని వలన సైనిక మర్యాద తగ్గేది కూడ లేదు. ఈ సంగతి మన విద్యార్థులు గ్రహించవలెనని మా కోరిక.

జామియాను గురించి కూడ నాలుగు మాటలు చెప్పుకొనవలెను. 1920లో అలీగఢ్‌లో స్వాతంత్ర్యోద్యమపు ఒడిలో పుట్టి, 1925లో ఢిల్లీకి తరలివచ్చిన విద్యాసంస్థ అది. డాక్టర్ జాకిర్ హుసేన్ దానిని కంటికి రెప్పవలె పెంచారు. 1947 అల్లర్లలో కరోల్‌బాగులోని దాని పుస్తక ప్రచురణాలయం మక్తబా జామియా అగ్నికి ఆహుతియైనది. ఢిల్లీలోని ముస్లిములు వేలసంఖ్యలో పురానా ఖిల్లాలోను, హుమాయూన్ సమాధి వద్దను తలదాచుకొన్న రోజులవి. ఇది జరిగి ఏడాదైన తిరగకముందే, దేశం కొరకు మరణించిన ఒక ముస్లిం సేనాని దేహం ఆ సంస్థ గడప ముందుకు వచ్చింది. దాని వెంట ప్రధానమంత్రి నడచివచ్చారు. నాటి ఢిల్లీ ముస్లిముల గుండెలకు ఆ దృశ్యం ఎంతటి ఊరట కలిగించి ఉండునో మనం ఊహించుకొనవచ్చును. అయితే ఊరటతోబాటు ఒక బరువు కూడ ఉన్నది. తన విశ్వాసమును రుజువు చేసికొనుటకు ఒక పౌరుడు ప్రాణమీయవలెనా? ఉస్మాన్ అట్లు రుజువు కొరకు పోరాడలేదని మా అభిప్రాయం. ఆయన తన ఉద్యోగధర్మం నెరవేర్చారు. రుజువు అడిగే అలవాటు ఇతరులది.

ఆ జూలైలో మన తెలంగాణ జిల్లాలింకను నిజాం ఏలుబడిలోనే ఉన్నవి. యూనియన్ ప్రభుత్వంతో సంప్రదింపులు జూన్‌లోనే విఫలమైనవి. సెప్టెంబరు 13న పోలీసు చర్య ఆరంభమై 17తో ముగిసింది. రజాకార్ల దౌర్జన్యముల వలన ఒకరు, ఆ పిమ్మట జరిగిన ప్రతీకారముల వలన మరొకరు, ఇక్కడి సామాన్యులు ఎంతో నష్టపోయినారు. మతమును బట్టి మనిషి ఏ పక్షమో నిర్ణయించిన ఆ దినములలో, అట్టి లెక్కకు లొంగని జీవితం ఒకటి ఓఖ్లా మట్టిలో అప్పుడే కన్ను మూసినది.

భార్యాబిడ్డలు లేనివాని సమాధికి వారసులెవరు? జామియా ఆ సమాధికి చోటిచ్చింది, సైన్యం గౌరవమిచ్చింది. 2020 డిసెంబరులో ఆ సమాధి ఫలకం పగిలి, శిథిలమై ఉన్నదని వార్తలు వచ్చినవి. చదివినవారందరికి మనస్సు చివుక్కుమన్నది. సైన్యం శీఘ్రముగా స్పందించి సమాధిని తిరిగి బాగుచేయించింది. ఝంగర్‌లో ఆయన నేలకొరిగిన చోట కూడ ఒక స్మారకం ఉన్నది. ఏటేటా జూలై 3న సైనికులు అక్కడ చేరి పుష్పగుచ్ఛములుంచి వందనం చేస్తారు. ఢిల్లీకి పోవు మన విద్యార్థులు ఎర్రకోట, కుతుబ్ మీనారు చూచి తిరిగివస్తారు. ఓఖ్లా అక్కడికి ఎంతో దూరం కాదు. వెళ్ళినవారు ఆ ఖబరు వద్ద నిలిచి ఒక ఫాతిహా చదివి రావలసినదిగా మనవి. ఇతర మతస్థులైన మన విద్యార్థులు తమ పద్ధతిలో తలవంచి వచ్చినను ఉస్మాన్‌కు అభ్యంతరం ఉండబోదు. ఆయన పటాలంలో రాజ్‌పుత్‌లు, డోగ్రాలు, సిక్కులు అట్లే వందనం చేసేవారు.