దోమపై నేరం మోపిన వైద్యుడు: కార్లోస్ ఫిన్లే

దోమకూ జ్వరానికీ గల సంబంధాన్ని ప్రస్తావించగానే, 1897లో మన బేగంపేటలో మలేరియా రహస్యాన్ని ఛేదించిన రోనాల్డ్ రాస్ అందరికీ జ్ఞప్తికి వస్తారు. అంతకు పదహారేండ్ల ముందే, క్యూబా ద్వీపంలో ఒక వైద్యుడు వేరొక జ్వరం విషయంలో దోమనే దోషిగా నిలబెట్టి, చాలాకాలం అపహాస్యానికి గురియైన సంగతి కొద్దిమందికే తెలుసు. ఆ వైద్యుడైన డాక్టర్ కార్లోస్ ఫిన్లే జీవితాన్ని పాఠకుల ముందుంచ దలచాము.

ఫిన్లే 1833 డిసెంబరు 3న జన్మించారు. తండ్రి స్కాట్లండు వైద్యుడు, తల్లి ఫ్రెంచి వనిత. బాల్యంలో సోకిన వ్యాధి వలన ఆయనకు నత్తి మిగిలిపోయింది. 1855లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో పట్టా పొంది, హవానాలో వైద్యవృత్తి చేపట్టారు.

ఆనాడు హవానాను పీడించినది ఎల్లో ఫీవర్ అనబడే పచ్చజ్వరం. ఈ జ్వరం ముదిరితే కాలేయం దెబ్బతిని, కామెర్లు కమ్మి, రోగి నల్లని నెత్తురు వాంతి చేసుకొని మరణిస్తాడు. రోగి పక్కబట్టల వలన, చెడుగాలి వలన అది వ్యాపిస్తుందని వైద్యులు నమ్మేవారు. ఫిన్లే సైతం చాలాకాలం గాలిలోని క్షారగుణమే కారణమని భావించారు. అది తప్పని తోచగానే విడిచిపెట్టడం ఆయన గొప్పతనమని మా అభిప్రాయం.

1881 ఆగస్టు 14న హవానా విజ్ఞాన పరిషత్తులో ఆయన తమ సిద్ధాంతాన్ని వినిపించారు. దోమజాతులు అనేకం ఉండగా సరిగ్గా ఒకే జాతిని ఆయన వేలెత్తి చూపారు. నేడు దానిని ఈడిస్ ఈజిప్టై అంటున్నాము. మన ఇళ్ళ నీటితొట్లలో పెరిగి డెంగ్యూను మోసుకొచ్చేదీ ఇదే.

సభ్యులు ఆయన మాటను లక్ష్యపెట్టలేదు. వారిని పూర్తిగా తప్పుపట్టలేము, ఎందుకనగా ఫిన్లే ప్రయోగాలు గట్టి రుజువు చూపలేకపోయాయి. రోగిని కుట్టిన దోమచేత ఆయన కొద్ది రోజులకే ఆరోగ్యవంతుని కుట్టించేవారు. దోమ పొట్టలో చేరిన వైరస్ అక్కడ వృద్ధిచెంది లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు పన్నెండు రోజులు పడుతుంది. పైగా రోగి రక్తంలో ఆ వైరస్ తొలి మూడు నాలుగు రోజులే మెండుగా ఉంటుంది. ఈ గడువులు తెలియకనే ఆయన దాదాపు ఇరవై ఏండ్లు, నూరుమందికి పైగా మనుషులపై శ్రమించారు.

1900లో వాల్టర్ రీడ్ నాయకత్వాన అమెరికా సైనిక వైద్యసంఘం హవానాకు వచ్చింది. అరవయ్యారేండ్ల ఫిన్లే తాము పెంచిన దోమల గుడ్లను వారి చేతిలో పెట్టారు. ఆ సంఘం వారు దోమలను తగినన్ని రోజులు నిలువ ఉంచి కుట్టించగా జ్వరం వచ్చింది. సంఘ సభ్యుడు జెస్సీ లాజియర్ ఆ జ్వరంతోనే సెప్టెంబరు 25న మరణించారు. ఆయన పేరిట నెలకొల్పిన శిబిరంలో కొందరు, దోమలు చొరని గదిలో రోగుల మలిన శయ్యలపై ఇరవై రాత్రులు నిద్రించినా ఏమీ కాలేదు. ఆ జ్వరకారకం సూక్ష్మమైన వడపోతను సైతం దాటిపోతుందని రీడ్, కారల్ 1901లో నిరూపించారు. మానవులలో వైరస్ వలన కలుగుతుందని తేలిన మొదటి వ్యాధి ఇదే. ఆ సంవత్సరమే గోర్గాస్ నీటినిల్వలపై దోమలను అణచగా, కొద్ది నెలలలో హవానాలో జ్వరం అంతరించింది.

కీర్తిలో అధికభాగం రీడ్‌కే దక్కింది. ఫిన్లే పేరు నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదింపబడినా అది రాలేదు. ఆయన 1902 నుండి 1909 వరకు క్యూబా ప్రధాన ఆరోగ్యాధికారిగా పనిచేసి, 1915 ఆగస్టులో హవానాలో కన్నుమూశారు.