మందు కనిపెట్టిన చేయి – మందు ఇచ్చే చేయి
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం)

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన కుర్రవాడు ప్రపంచానికి మందులు ఇవ్వగలడా? ఇవ్వగలడని నిరూపించినవారు మన తెలుగువారే. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. నర్సింగ్‌లో పి.జి. చదువుతున్న మాకు ఫార్మకాలజీ పాఠాల్లో ఆయన కృషి చాలాచోట్ల ఎదురవుతుంది. రక్తహీనత, బోదకాలు, రక్త క్యాన్సర్, కీళ్ళవాతం – ఈ పాఠాలన్నిటిలో ఆయన చేయి ఉంది. పేరు మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలనుకున్నాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి జగన్నాథం గారు. పిల్లలు ఏడుగురు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. చిన్నతనంలో ఆయన కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంటి నుంచి బయల్దేరారని, తల్లి వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. కొడుకు చదువు ఆగకూడదన్న పట్టుదల ఆ తల్లిది. మన హాస్టల్‌లో ఎంతమంది అమ్మలకు ఆ పట్టుదల ఉందో మనకు తెలుసు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితుల సాయంతో, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతో చదువు సాగింది. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టుకుని కాలేజీకి వెళ్ళేవారు. అది తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం కూడా రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

1921లో ఆ ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. డాక్టరు చదివిన అన్నదమ్ముడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేకపోయారు. అప్పటికి దానికి మందే లేదు.

తరువాత మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికా వెళ్ళి హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. చేతిలో డబ్బు లేదు. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసే పనికి కుదిరారు. పగలు ప్రయోగశాల, రాత్రి వార్డు. నర్సింగ్ చదివే మేము ఈ మాట గర్వంగా రాస్తున్నాం. వార్డు పని చిన్నపని అనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నేటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు దానిని నేర్చుకుంటారు. కండరాల్లో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో బయటపెట్టిన పనిలోనూ ఆయన ఉన్నారు. 1930లో పీహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వతమైన పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

1931లో లూసీ విల్స్ అనే డాక్టరు, బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ పదార్థంతో తగ్గుతోందని చూపించారు. అందులో పనిచేసే పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. 1945లో సుబ్బారావు గారి బృందం ఆ పదార్థాన్ని, అంటే ఫోలిక్ యాసిడ్‌ను, ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు కూడా పనిచేసింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు పాతికేళ్ళ తరువాత ఆయన చేతుల మీదుగా మందు వచ్చింది. హాస్టల్‌లో వారానికోసారి మనం మింగే నీలం రంగు ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే. మాత్రను కిటికీలోంచి పారేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కసారి ఆలోచించాలి.

ఇక్కడి నుంచి కథ మరో మలుపు తిరిగింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇస్తే, జబ్బు తగ్గకపోగా ముదిరినట్లు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే జబ్బు తగ్గాలి కదా! సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ వాడారు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. పదహారు మంది పిల్లల్లో పది మందికి మేలు కనిపించింది. అది కొంతకాలమే నిలిచింది. అయినా రక్త క్యాన్సర్‌కు మందుతో లొంగే గుణం ఉందని లోకానికి తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

ఒకే ప్రయోగశాల నుంచి ఒక విటమిన్, ఆ విటమిన్‌కు శత్రువు రెండూ వచ్చాయి. రెండూ మందులే. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నదానిమీద ప్రాణం ఆధారపడుతుంది. మాకు ఫార్మకాలజీలో బాగా నాటుకున్న పాఠం ఇదే.

మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ మీద వారానికోసారి అన్నది రోజుకోసారిగా మారితే ఎముకల్లోని మూలుగ రక్తకణాలు తయారుచేయడం మానేస్తుంది. నోరు పూస్తుంది, జ్వరం వస్తుంది, ప్రాణం పోవచ్చు. ఇలా చనిపోయినవారు అనేక దేశాల్లో ఉన్నారు. అందుకే ఏ వారం వేసుకోవాలో, సోమవారమో బుధవారమో, పేరుతో సహా చీటీ మీద రాయాలి. మందు పేరును పొడి అక్షరాల్లో రాయకూడదు, ఇంకో మందు అనుకునే ప్రమాదం ఉంది. చదువురాని రోగి అయితే ఆ రోజు పేరును ఆయన నోటితోనే తిరిగి చెప్పించాలి. కిడ్నీ జబ్బు ఉందా, గర్భం ఉందా, కోట్రైమోక్సజోల్ వాడుతున్నారా అని అడగాలి. పొరపాటున ఎక్కువ పడితే ఫోలినిక్ యాసిడ్ ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. అదీ ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోదే. ఒకటి అడ్డుకుంటే ఇంకొకటి కాపాడుతుంది.

బోదకాలు మాత్ర డి.ఇ.సి. కూడా ఆయన బృందానిదే. 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చింది. మన దేశంలో 2004 నుంచి ఊరూరా అందరికీ పంచిన మాత్ర ఇది. దానికీ లెక్క ఉంది. 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు 100 మిల్లీగ్రాములు, 6 నుంచి 14 వరకు 200, ఆపైన 300. రెండేళ్ళలోపు పసివారికి, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఇవ్వరు. పరగడుపున వేసుకోరాదు. ఒంట్లో క్రిములు ఉన్నవారికి అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి రావచ్చు. ఈ మాట ముందే చెప్పకపోతే జనం భయపడి మాత్రలు దాచేసుకుంటారు.

ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్‌ను డాక్టర్ డగ్గర్ కనుగొన్నదీ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే. అది 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. వెళ్ళిన తరువాత మళ్ళీ స్వదేశానికి రాలేకపోయారు. భార్య శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. మన తపాలా శాఖ 1995లో, శతజయంతి సందర్భంగా ఆయన స్టాంపు వేసింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఒక మందు ఎన్నో ఏళ్ళ కష్టంతో పుడుతుంది. దానిని రోగి నోటికి అందించే చివరి చేయి మన ఊరి నర్సుది, ఏ.ఎన్.ఎం.ది, ఆశా అక్కది. మీలో ఎందరో రేపు ఆ చేయి అవుతారు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ – ఈ ఐదూ చూసుకున్నాకే మాత్ర చేతిలో పెట్టండి. అనుమానం వస్తే సిగ్గుపడకుండా డాక్టరును మళ్ళీ అడగండి. పరీక్ష తప్పినవారూ దిగులుపడకండి, మూడోసారి రాయండి. సుబ్బారావు గారికి మనం ఇవ్వగల నివాళి ఇదేనని మేము నమ్ముతున్నాం.